నాన్నకు ఉడకబెట్టిన రొయ్యలు రబ్బరైపోయాయి, ఎక్కడ తప్పు చేశాను?

విభాగం: వంటింటి కబుర్లు

ముత్తుకూరు రోడ్డు | ఆదివారం మధ్యాహ్నం 1:10

అందరికీ నమస్తే. మాది నెల్లూరు. వంట నాకు పెద్దగా రాదు, ముందే చెప్పేస్తున్నా. మా ఆవిడ కాన్పుకని పుట్టింటికి కావలి వెళ్లింది. అమ్మ లేదు. నాన్నకు మూడు వారాల కింద గాల్‌బ్లాడర్ తీసేశారు. కొన్నాళ్లు నూనె, కారం, మసాలాలు తగ్గించమని, చేపలు రొయ్యలు ఉడకబెట్టి పెట్టొచ్చని డాక్టరు చెప్పారు. ఇడ్లీ, పెరుగన్నం చూస్తే మొహం తిప్పుకుంటున్న మనిషి, రొయ్యలు తెస్తానంటే లేచి కూర్చున్నాడు.

పొద్దున మార్కెట్‌కి పోయి కిలో వనామీ రకం రొయ్యలు తెచ్చా. 50 కౌంట్ అన్నాడు. తలలు తుంచి పారేసి, పొట్టు వొలిచి, కడిగి, కుక్కర్లో గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు వేసి పెట్టా. రెండు విజిల్స్. మూత తీస్తే కిలో రొయ్యలు కాస్తా రెండు గుప్పెళ్లయ్యాయి, గోలీల్లా చుట్టుకుపోయి. నాన్న ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "ఇది రొయ్యా, పెన్సిలు రబ్బరా?" అని పళ్లెం పక్కకు జరిపాడు. మళ్లీ పెరుగన్నమే పెట్టాను.

ఎంతసేపు ఉడకాలి? నీళ్లు ఎన్ని పోయాలి? ఉప్పు తప్ప ఇంకేమైనా వేయొచ్చా, వేస్తే రుచి లోపలికి పడుతుందా? అంత తగ్గిపోయాయంటే తూకంలో మోసపోయానా?

పెన్నా ఒడ్డు | 1:14

కుక్కరా? రెండు విజిల్సా? తమ్ముడూ, అది రొయ్య, కందిపప్పు కాదు.

ఒంగోలు గిత్త | 1:21

నవ్వకండి సార్. హాస్టల్ రోజుల్లో నేను రైస్ కుక్కర్లో బియ్యంతో పాటే రొయ్యలు వేసినవాణ్ణి. అన్నం బాగానే కుదిరింది. రొయ్యలు మాత్రం రాత్రి పదింటికి మొదలుపెట్టి పదకొండు దాకా నమిలాం.

కొత్తపట్నం కోడలు | 1:48

తమ్ముడూ, మీ నాన్నగారు తొందరగా కోలుకోవాలి. రొయ్యను మటన్‌లాగా చూశావు, తప్పు అక్కడే జరిగింది. మటన్ ఉడికేకొద్దీ మెత్తబడుతుంది, రొయ్య ఉడికేకొద్దీ గట్టిపడుతుంది. నేనూ పెళ్లయి కొత్తపట్నం వచ్చిన కొత్తలో ఇంకాసేపు, ఇంకాసేపు అని మంట మీదే ఉంచేదాన్ని. మాది మార్కాపురం, మా ఇంట్లో రొయ్య అంటే ఎండు రొయ్యే. పచ్చి రొయ్య సంగతి నాకేం తెలుసు.

మా అత్త చేసే పద్ధతి చెప్తా విను. పొట్టు వొలిచి, వీపు మీద కత్తితో చిన్న గీటు పెట్టి నల్లదారం లాగెయ్యాలి. రాళ్లుప్పు, పసుపు వేసి రుద్ది, తేట నీళ్లు వచ్చేదాకా కడగాలి. చిల్లుల గిన్నెలో వేసి బాగా వాడ్చాలి. వెడల్పాటి తపేలాలో పోసి, అర చెంచా పసుపు, ఉప్పు కలిపి, మూతపెట్టి, మంట కొంచెం తగ్గించి పెట్టు. నీళ్లు ఒక్క చుక్క పోయొద్దు. రెండు నిమిషాలకు మూత తీసి చూస్తే రొయ్యలు వాటి నీళ్లలో అవే ఉడుకుతుంటాయి. ఒకసారి కిందకీ పైకీ కలిపి, ఇంకో రెండు నిమిషాలు చూసి దించెయ్. ఆ అడుగు నీళ్లు పారబొయ్యొద్దు, వేడన్నంలో కలుపుకుంటే అదే పులుసు.

మా అత్త గడియారం చూసేది కాదు. గరిటెతో ఒక రొయ్య తీసి పొయ్యిగట్టు మీద పెట్టి బొటనవేలితో నొక్కేది. వేలి కింద మెత్తగా నలిగితే ఇంకా పచ్చి. కొంచెం అణిగి మళ్లీ లేస్తే దించమనేది. అసలు అణగకపోతే నా వైపు చూసేది. ఆ చూపు ఇప్పటికీ గుర్తే.

చెక్‌ట్రే | 2:30

గుంటల మనిషిని, కాబట్టి నాలుగు మాటలు ఎక్కువ చెప్తా. ఇందుకూరుపేట పక్కన మాకు రొయ్యలు పెంచే గుంటలు ఉండాయి.

ముందు తూకం సంగతి. మోసం ఏమీ లేదు. 50 కౌంట్ అంటే కిలోకి యాభై రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. తల తీస్తే మూడో వంతు పోతుంది. పొట్టు, తోక కూడా తీస్తే కిలోకి అర కిలో, మహా అయితే ఇంకో గుప్పెడు చేతికొస్తుంది. ఉడికినప్పుడు అందులోనూ నీళ్లు దిగి తగ్గుతుంది. నువ్వు కుక్కర్లో పెట్టి ఉన్న కాస్త నీళ్లూ పిండేశావు. తూకం వేసినోడి తప్పు కాదు.

కొత్తపట్నం అక్క చెప్పింది కూరకి బ్రహ్మాండం. ఇగురు చేసినా, వేపుడు చేసినా మా ఇంట్లోనూ మొదట అట్టే మగ్గిస్తారు. కానీ ఉత్తి రొయ్య తినాలంటే మాత్రం నీళ్లలో, పొట్టుతో, తలతో ఉడకబెట్టాల. పట్టుబడి రోజు, అంటే గుంటలో పెరిగిన రొయ్యల్ని పట్టే రోజు, మేం చేసేది చెప్తా.

పట్టుబడి తెల్లారకముందే మొదలవుతుంది. ఒక పక్క వల లాగుతుంటారు, ఇంకో పక్క కాటా, ఐసు పెట్టెలు, కొనేవాళ్ల మనిషి కౌంట్ చూస్తూ ఉంటాడు. అప్పటికి నాలుగు నెలల టెన్షన్. కరెంటు పోయి, గుంట నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్లు ఆగిన రాత్రులు, ముసురు పట్టిన రోజులు, అన్నీ ఆ గంటలో తేలాల. తూకాలు అయిపోయాక వాచ్‌మన్ గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద డేకిసా పెడతారు. నీళ్లు, గుప్పెడు రాళ్లుప్పు, అంతే. నీళ్లు తెర్లేటప్పుడు బుట్టలోంచి తీసిన రొయ్యల్ని అట్టే దిమ్మరిస్తారు. నీళ్లు ఒక్కసారి చల్లబడి గమ్మునైపోతాయి. మళ్లీ పొంగు మొదలయ్యేసరికి బూడిదరంగు పోయి నారింజ రంగు తిరుగుతుంది. నురగ పైకి లేస్తుంది. అప్పుడు లెక్క పెట్టి రెండు నిమిషాలు, జల్లిగరిటెతో తీసి ఐసు మీద పోస్తారు. ఐసుకి కొదవ ఉండదు కదా. ఒక నిమిషం ఆగి, తల తుంచి, పొట్టు వొలుచుకుంటూ నిలబడే తింటాం. ఉల్లిపాయ గూడా అక్కర్లేదు. పొట్టు ఉంటే లోపలి తీపి నీళ్లలోకి పోదు, కండ గూడా అంత బిగుసుకోదు.

నీళ్లు ఎక్కువ ఉండాల, రొయ్య తక్కువ ఉండాల. ఇంట్లో అయితే పావు కిలోకి లీటరున్నర నీళ్లు పెట్టు. కిలో చెయ్యాలంటే నాలుగు వాయిలు. అన్నీ ఒకేసారి పోస్తే నీళ్లు మళ్లీ మరిగేలోపు కింద ఉన్నవి ముదురుతాయి, పైన ఉన్నవి పచ్చిగా ఉంటాయి.

ఒంగోలు గిత్త | 2:36

అన్నా, తలతోనా? ఆ తల ముందు పెట్టుకుని కూర్చోవాలంటే నాకు కష్టం.

చెక్‌ట్రే | 2:38

కళ్లు మూసుకుని తిను.

భీమవరం బుల్లోడు | 2:55

గుంట ఏంటండీ బాబూ, మా వైపు చెరువు అంటాం. గుంట అంటే గేదెలు పడుకునేది. పద్ధతి మాత్రం బాగుందండి, మేమూ అలాగే చేస్తాం.

పెన్నా ఒడ్డు | 3:02

చెరువంటే మాకు నెల్లూరు చెరువు. అందులో నీళ్లు వరికి, రొయ్యకు కాదు. మీదంతా గోదావరి లెక్క.

బడిగంట | 3:40

సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి, పాత అలవాటు పోదు. రబ్బరు కావడం గురించి కొంచెం చెబుతాను.

మటన్ ముక్కలో గట్టి పీచు ఉంటుంది. అది ఎక్కువసేపు తడి వేడిలో ఉంటే కరిగి మెత్తబడుతుంది. అందుకే అక్కడ విజిల్స్ లెక్క పనిచేస్తుంది. రొయ్య కండలో అలా కరగాల్సిన పీచు తక్కువ. 60 డిగ్రీలు దాటాక దాని ప్రోటీన్లు ముడుచుకుంటూ లోపలి నీటిని బయటికి పిండేస్తాయి. కుక్కర్లో వేడి 120 డిగ్రీల దగ్గరకు పోతుంది. ప్రెషర్ దిగేదాకా మూత రాదు కాబట్టి, స్టవ్ ఆపేశాక కూడా ఉడుకుతూనే ఉంటుంది. పిండిన బట్టను మళ్లీ మళ్లీ పిండినట్టు.

రంగు సంగతి కూడా పిల్లలు అడిగేవారు. రొయ్యలో ఆస్టాజాంతిన్ అనే ఎర్రటి పదార్థం పచ్చిగా ఉన్నప్పుడే ఉంటుంది. ఒక ప్రోటీన్ దాన్ని పట్టుకుని ఉండటం వల్ల బూడిదగా, నీలంగా కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ పట్టు వదిలేస్తే అసలు రంగు బయటపడుతుంది. అంటే రంగు మారినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. పెద్ద రొయ్య అయితే మెడ దగ్గర, కండ బాగా మందంగా ఉన్నచోట కోసి చూడండి. గాజులా మెరిస్తే పచ్చి, పాలలా తెల్లబడితే అయినట్టు.

ఆకారం చూసినా తెలుస్తుంది. కొడవలిలా వంగితే దించెయ్యాలి. తోక వచ్చి మెడకు తగిలి సున్నా చుట్టిందంటే ఆలస్యమైపోయినట్టే. మన ముత్తుకూరు రోడ్డు గారివి గోలీలయ్యాయి, దాన్ని ఏ అంకెతో చెప్పాలో నాకు తెలియదు.

ముత్తుకూరు రోడ్డు | 4:05

మాస్టారూ, పరువు తీసేశారు. అయినా ఈ సున్నా, కొడవలి లెక్క ఫ్రిజ్ మీద రాసి అంటించా.

అంతా రెండు పార్టీలుగా ఉన్నారు. నీళ్లు పోయాలా, వద్దా?

కొత్తపట్నం కోడలు | 4:22

పోయకు. సారమంతా నీళ్లలోకి పోతుంది. పోసిన నీళ్లు పారబోస్తే మహాపాపం.

చెక్‌ట్రే | 4:25

అక్కా, వొలిచిన రొయ్యకి నీ మాట రైటే. పొట్టుతో ఉన్నదానికి నీళ్లే కరెక్టు. నీళ్లు లేకుండా పొట్టుతో పెడితే అడుగున ఉన్నవి మాడి, పైనవి పచ్చిగా ఉంటాయి. ఇద్దరం ఒకటే చెప్తుండాం, గిన్నె వేరు.

పాకల ఆంటీ | 4:51

మీ ఇద్దరి మధ్యలో నాదో మాట. ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద పెట్టండి. నీళ్లు బాగా మరిగాక, ఇడ్లీ ప్లేట్ల మీద అరిటాకు ముక్క పరిచి, వొలిచిన రొయ్యలకు ఉప్పు, పసుపు, చిటికెడు మిరియాల పొడి పట్టించి ఒకే వరసలో పేర్చి మూతపెడితే నాలుగైదు నిమిషాల్లో అయిపోతాయి. నీళ్లలోకి సారం పోదు, అడుగంటదు. మా ఆయనకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, నెలకు రెండుసార్లు ఇదే చేస్తా. ఒకటే ఇబ్బంది. మర్నాడు ఆ పాత్రలో ఇడ్లీ వేస్తే ఇడ్లీ కూడా సముద్రం వాసనే. నేను పాత ఇడ్లీ పాత్ర ఒకటి దీనికోసమే విడిగా పెట్టుకున్నా.

డాలస్‌లో కందుకూరు | రాత్రి 8:15

ఇక్కడ ఇప్పుడే కాఫీ తాగుతూ చదివా. మసాలా సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా.

ఇక్కడ పక్క రాష్ట్రం లూసియానాలో రొయ్యలు ఉడకబెట్టడం అంటే ఒక పండగ. పెరట్లో గ్యాస్ బర్నర్ మీద మన పెళ్లి గుండిగంత గిన్నె పెడతారు. నీళ్లలో ఉప్పు, ఎండు మిరప పొడి, ఆవాలు, ధనియాలు, బిరియానీ ఆకు, నిమ్మకాయ చెక్కలు, వెల్లుల్లి గడ్డలు గడ్డలుగానే వేసి ముందు మరిగిస్తారు. తర్వాత బంగాళాదుంపలు, అవి సగం ఉడికాక మొక్కజొన్న కంకులు, అన్నిటికీ చివర రొయ్యలు. రొయ్యలు పడ్డాక రెండు మూడు నిమిషాల్లో మంట ఆపేస్తారు. అసలు కిటుకు ఇక్కడుంది. మంట ఆపి, నీళ్ల వేడి తగ్గడానికి కొంచెం ఐసు వేసి, పావుగంట అందులోనే నానబెడతారు. ఉడకడం ఆగుతుంది, ఉప్పూ కారం మాత్రం ఎక్కుతాయి. తర్వాత వడగట్టి, బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచి కుమ్మరిస్తారు. పళ్లేలు ఉండవు. మా మావయ్య మొదటిసారి చూసి, "ఆకు లేకుండా పేపర్ మీద అన్నమేందిరా" అన్నాడు. తర్వాత ఆయనే మూడుసార్లు చెయ్యి పెట్టాడు.

మేరీల్యాండ్ వైపు ఓల్డ్ బే అనే పొడి వాడతారు. మిరప, ఆవాలు, సెలరీ ఉప్పు, ఇంకా ఏవేవో ఉంటాయి. వాళ్లు తరచూ ఆవిరి మీదే వండుతారు, పాకల ఆంటీ లాగా.

బడిగంట | 8:40

ఆయన చెప్పిన నానబెట్టడం సబబే. మూడు నిమిషాల్లో లోపలికి పోగలిగేది కొంచెం ఉప్పే. వెల్లుల్లి, మిరియాల వాసన చాలావరకు పొట్టు మీదే ఉంటుంది. వొలిచేటప్పుడు వేళ్లకు అంటి, వేళ్ల నుంచి నోటికి చేరుతుంది. కాబట్టి మసాలా నీళ్లను పది నిమిషాలు ముందుగా మరిగించి, అప్పుడు రొయ్య వేయాలి. అన్నీ ఒకేసారి వేస్తే మసాలా ఉడికేలోపు రొయ్య చెడుతుంది.

పెన్నా ఒడ్డు | 9:05

నన్నడిగితే నీళ్లలో మసాలా వేయడం దండగ. ఉప్పుతో ఉడకబెట్టు, వొలిచాక రొయ్యకే పట్టించు. ఒక చెంచా నిమ్మరసం, మిరియాలు దంచిన పొడి, తరిగిన కొత్తిమీర. వేడి మీద ఉండగానే కలిపితే పడుతుంది. పేషెంట్‌కి అంతే చాలు. మనకైతే పక్కన పచ్చిమామిడి తురుము, ఉప్పు, కారం. మామిడి లేకుండా నెల్లూరోడికి చేపా దిగదు, రొయ్యా దిగదు.

ఇక రొయ్య రకం. వనామీ తొందరగా ఉడుకుతుంది, కండ మెత్తన. టైగర్ రొయ్య పొట్టు మందం, కండ గట్టి, ఒక అర నిమిషం ఎక్కువ పడుతుంది. ఉత్తగా ఉడకబెట్టుకోవడానికి టైగరే రుచి అని నా వాదన. 1990ల మొదట్లో మా వైపు ఎటు చూసినా టైగరే. వరి పొలాలు గుంటలైపోయాయి, సైకిల్ మీద తిరిగినోళ్లు కార్లు కొన్నారు. 1994-95లో రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చి ఒక్క సీజన్‌లో కొంపలు ముంచింది. మా బాబాయి గుంట ఒడ్డున తలకింద చేతులు పెట్టుకుని పడుకుని ఉండటం నేను చూశా. పలకరించడానికి కూడా భయమేసింది. ఆ వైరస్ మనుషులకు అంటదు, కానీ ఆ ఏడు ఊళ్లో రొయ్య తిన్నవాడు లేడు. తర్వాత 2009లో వనామీకి పర్మిషన్ ఇచ్చారు, ఇప్పుడు మార్కెట్‌లో అదే ఎక్కువ. అంతకుముందు, మా తాత రోజుల్లో, బకింగ్‌హాం కాలువలో, ఏటి మొగల్లో పట్టిన రొయ్యే. కొనుక్కోవడం కూడా లేదు, గంపలో తెచ్చి వడ్లకు మార్చుకునేవాళ్లంట.

అసలు విషయం మర్చిపోయా. ఏ రొయ్యైనా ఐసులో ఉన్నదే తీసుకో.

చెక్‌ట్రే | 9:20

టైగర్ రుచి సంగతిలో నీతో గొడవ పడను బాబాయ్. 2025 ఆగస్టులో అమెరికా వాళ్లు మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు మాకు మళ్లీ ఆ 95 గుర్తొచ్చింది. అప్పుడే అనుకున్నా, మన జనం ఇంకొంచెం రొయ్య తినడం నేర్చుకుంటే బాగుండునని. పండించేదాంట్లో ఎక్కువ బయటికే పోతుంది, మన ఇళ్లలో కిలో కొనాలంటే పదిసార్లు ఆలోచిస్తారు.

సూది మందు | సోమవారం ఉదయం 7:10

నర్సుగా పనిచేస్తా. రెండు మాటలు.

రొయ్య పడనివాళ్లు ఉంటారు. తిన్న కాసేపట్లో పెదాలు వాచడం, దద్దుర్లు, గొంతు పట్టేసినట్టు ఉండటం, ఆయాసం. బాగా ఉడకబెడితే ఏమీ కాదని కొందరు అనుకుంటారు. అది తప్పు. ఆ ఎలర్జీ తెచ్చే ప్రోటీన్ వేడికి చావదు. ఉడికిన నీళ్లలో కూడా ఉంటుంది. ఊపిరి అందకపోతే ఇంట్లో వాము, అల్లం అంటూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి.

రెండోది కొలెస్టరాల్. ఉడికిన రొయ్య 100 గ్రాముల్లో సుమారు 190 మిల్లీగ్రాములు, అంటే ఒక పెద్ద కోడిగుడ్డులో ఉన్నంత. కానీ కొవ్వు చాలా తక్కువ, ప్రోటీన్ 20 గ్రాములకు పైనే. మీ నాన్నగారి విషయంలో కొవ్వు తగ్గించమన్నారు కాబట్టి నూనె లేని ఉడికిన రొయ్య మంచిదే. అయినా ఒకేసారి పళ్లెం నిండా పెట్టకండి. ఐదారు పెట్టి చూడండి. కడుపు ఉబ్బరంగా ఉందంటే ఆపి డాక్టరుకు చెప్పండి.

ముత్తుకూరు రోడ్డు | 7:45

థాంక్స్ మేడం. నాన్నకు ఎలర్జీ లేదు, యాభై ఏళ్లుగా తింటున్నాడు. ఇంకో డౌట్. నిన్న తెచ్చిన వాటిలో కొన్నిటికి తల దగ్గర నల్లగా ఉంది. కుళ్లినవి అంటగట్టాడా?

చెక్‌ట్రే | 8:02

తల నల్లబడటం అంతా కుళ్లు కాదు. కోసిన వంకాయ నల్లబడినట్టే, గాలి తగిలి తల నుంచి మొదలవుతుంది. ఐసు తక్కువైందని అర్థం, కొంచెం పాతదని అర్థం. ముక్కుతో చూడు. సముద్రం వాసన ఉంటే మంచిది. మందుల షాపు వాసన, ముక్కుపుటాల్లో గుచ్చే వాసన వస్తే బేరం కూడా ఆడకుండా వచ్చెయ్. తల వదులై వేలాడుతున్నా, కండ పట్టుకుంటే జారిపోతున్నా వద్దు.

ఒంగోలు గిత్త | 8:30

ఫ్రోజెన్ ప్యాకెట్ సంగతి ఎవరైనా చెప్పండి. పోయిన నెల ఒక షాపులో అరకిలో ప్యాకెట్ కొన్నా. కరిగించాక పావుకిలో నీళ్లు వచ్చాయి. అలాగే ఉడకబెడితే తెల్లటి నురగ, స్పాంజి లాగా అయ్యాయి. అడిగితే "ఐసు కూడా ఫ్రెష్షే సార్" అన్నాడు షాపువాడు.

డాలస్‌లో కందుకూరు | 9:10

ఇక్కడ మా బతుకంతా ఫ్రోజెనే. పైన ఐసు పూత వేస్తారు కాబట్టి కొంత బరువు నీళ్లే. కొన్ని కంపెనీలు నీళ్లు పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్‌లో నానబెడతాయి. అట్ట వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, చూసి కొను. రాత్రి ఫ్రిజ్‌లో కిందికి దించి పెట్టుకుంటే పొద్దునకు కరుగుతాయి. తొందరైతే కవరుతో సహా చల్లటి నీళ్లలో అరగంట. వేడి నీళ్లలో మాత్రం వేయొద్దు, పైన ఉడికి లోపల గడ్డ అలాగే ఉంటుంది. కరిగాక గుడ్డతో తడి ఒత్తి, అప్పుడు వండు. ఉడకబెట్టేసి అమ్మేవి కూడా ఉంటాయి, అవి ఎర్రగా ఉంటాయి. వాటిని మళ్లీ ఉడకబెడితే ముత్తుకూరు రోడ్డు గారి గోలీలే.

ముత్తుకూరు రోడ్డు | 9:14

నా పేరు మీద ఒక వంటకం స్థిరపడిపోయినట్టుంది.

ముత్తుకూరు రోడ్డు | బుధవారం రాత్రి 9:30

రిపోర్టు ఇస్తున్నా.

ఇవాళ పొద్దున చెక్‌ట్రే అన్న చెప్పినట్టు ఐసు మీద ఉన్నవి చూసి, వాసన చూసి, అరకిలో తెచ్చా. మళ్లీ 50 కౌంటే. ఈసారి తలలు తియ్యలేదు. మీసాలు, తల మీద ముల్లు కత్తెరతో కత్తిరించా, అంతే. పెద్ద తపేలాలో లీటరున్నర నీళ్లు, రెండు చెంచాల రాళ్లుప్పు, చిటికెడు పసుపు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి, ఒక కరివేపాకు రెమ్మ. పది నిమిషాలు మరిగించా. పక్కన గిన్నెలో ఐసు నీళ్లు రెడీ. స్టవ్ ముందు నిలబడి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకున్నా. ఆపరేషన్ థియేటర్ బయట కూడా ఇంత టెన్షన్ పడలేదు.

సగం వేశా. నీళ్లు గమ్మున ఆగిపోయాయి, అన్న చెప్పినట్టే. నిమిషంలో మళ్లీ అంచుల్లో బుడగలు, మధ్యలో నురగ. రంగు తోక నుంచి మొదలై పైకి పాకింది. రెండు నిమిషాలకు ఒకటి తీసి చూశా, కొడవలి. కోసి చూస్తే మెడ దగ్గర సన్నగా గాజు మెరుపు. ఇంకో అర నిమిషం ఉంచి తీసి ఐసు నీళ్లలో వేశా. రెండో వాయి నాన్న లేచి వచ్చి తనే చూసుకున్నాడు. ఒక రొయ్యను గరిటె మీద పెట్టి వేలితో నొక్కాడు. కోడలు గారూ, మీ అత్తగారి పద్ధతి మా ఇంట్లో కూడా ఉందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. "మీ అమ్మ ఇట్టే చూసేది" అన్నాడు.

ఆరు తిన్నాడు. ఏడోది తీసుకోబోతే సూది మందు మేడం మాట చెప్పా. తలలు వొలిచి పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ పీల్చి, "ఆదివారం కిలో తలలు ఏం చేశావ్?" అని అడిగాడు. పారేశానని చెప్పా. ఆపరేషన్ చేసిన రోజు కూడా నన్ను అంత తిట్టలేదు.

పెన్నా ఒడ్డు | 9:41

ఆ తిట్టు న్యాయమైనదే.

కొత్తపట్నం కోడలు | 9:50

మనసు నిండింది తమ్ముడూ. ఇంకోసారి ఆ తలలు, పొట్టు బాగా కడిగి, చెంబుడు నీళ్లలో ఇరవై నిమిషాలు మరిగించి వడగట్టు. ఆ నీళ్లతో చారు పెట్టు. చింతపండు పల్చగా, మిరియాలు, జీలకర్ర. నాన్నగారికి కారం లేకుండా సరిపోతుంది. మిగిలిన రొయ్యలు గిన్నెలో బయట వదిలెయ్యకు. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజుల్లో తినెయ్యాలి. మళ్లీ మరిగించకు, వేడన్నం మీద వేస్తే ఆ వేడికే వెచ్చబడతాయి.

పాకల ఆంటీ | 9:58

కాన్పు ఎప్పుడు బాబూ?

ముత్తుకూరు రోడ్డు | 10:06

ఇంకో మూడు వారాలు అన్నారు ఆంటీ. రేపు ఆదివారం నేను కావలి వెళ్తున్నా. ఆ తర్వాత ఒకసారి మా అత్తగారు నాన్నను చూడటానికి ఇక్కడికి వస్తారంట. అందుకే ఇంకో అర్జెంటు ప్రశ్న. ఆ రెండు విజిల్స్ రోజు నుంచి కుక్కర్ మూత తీస్తే రొయ్యల వాసన. నాలుగుసార్లు తోమా. నిన్న పప్పు పెడితే పప్పు కూడా రొయ్యల పప్పే అయింది. మా ఆవిడకు ఇంకా తెలియదు.

పాకల ఆంటీ | 10:11

వాసనంతా గ్యాస్కెట్‌లో ఉంటుంది. అది తీసి వేడినీళ్లు, వంటసోడాలో రాత్రంతా నానబెట్టి రెండు రోజులు ఎండలో ఆరెయ్. కుక్కర్లో నిమ్మతొక్కలు వేసి నీళ్లు మరిగించు.

పెన్నా ఒడ్డు | 10:13

విజిల్ కూడా విప్పి కడుగు. అందులో కూడా ఉంటుంది.

చెక్‌ట్రే | 10:15

ఎందుకబ్బయ్యా అంత రిస్కు. కొత్త గ్యాస్కెట్ కొనేసెయ్. పాతది దాచిపెట్టు, మూత సైజు చూపించడానికి కావాల.